మరి దేవుణ్ణి ఎవరు చేశారు సార్?

ఆవగింజ
నిన్న సండే స్కూల్లో పరువు పోయింది. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

తొమ్మిది, పది క్లాసుల పిల్లలు. దేవుడున్నాడని ఎలా చెప్తాం అన్నది పాఠం. బల్ల మీద డొమినో బిళ్ళలు వరసగా నిలబెట్టి మొదటిదాన్ని వేలితో తోశాను. టపటపా పడిపోయాయి. "చూశారా, ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది. విశ్వానికీ ఉండాలి. ఆ వేలే దేవుడు" అన్నాను. భలే చెప్పానని లోపల్లోపల నాకే ముచ్చటేసింది. వెనక బెంచీలో ఒకడు చెయ్యెత్తాడు. "మరి దేవుణ్ణి ఎవరు చేశారు సార్?"

"ఎవరూ చెయ్యలేదు" అన్నాను. "మీరే కదా ప్రతిదానికీ అన్నారు" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే ఇంకా ఇబ్బందైంది. "అలాంటివి అడక్కూడదు" అని నోరు జారాను.

కవర్ చేసుకుందామని ఐన్‌స్టీన్ చిన్నప్పుడు ప్రొఫెసర్ నోరు మూయించిన కథ ఎత్తుకున్నాను. చీకటంటే వెలుతురు లేకపోవడం, చెడంటే దేవుడు లేకపోవడం, ఆ కథే. నేను ముగించేలోపే ఒకమ్మాయి ఫోన్లో వెతికి "సార్, ఇది అసలు జరగలేదంట" అంది.

దయచేసి వట్టి బైబిల్ వాక్యాలు మాత్రం పంపొద్దు. వాళ్ళు అనుమానపడుతున్నదే వాక్యాన్ని. వాడికి ఏం చెప్పాలో చెప్పండి.

గాడిద_పలికింది
ఒక్క క్లాసులో రెండు వికెట్లు.

పాత_బైండు
ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. పిల్లలకి ముందు నమ్మడం నేర్పాలి, అర్థం కావడం తర్వాత సంగతి. తర్కంతో వచ్చినవాడు తర్కంతోనే పోతాడు. అలాంటివి అడక్కూడదని మీరన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

తోమా_రెండో
అయ్యగారూ, నాకు పదిహేనేళ్ళప్పుడు మా టీచర్ కూడా అడక్కూడదనే అన్నారు. అడగడం మానలేదు, ఆయన్ని అడగడం మానేశాను. పదేళ్ళు గుడి మెట్లెక్కలేదు. నా హ్యాండిల్ చూశారుగా? చూస్తేగానీ నమ్మనన్న తోమాని ప్రభువు క్లాసులోంచి బయటికి పంపలేదు. చేతులు చాపి చూపించాడు.

పాత_బైండు
చూపించాడు. చూడక నమ్మినవారు ధన్యులని కూడా ఆ పూటే అన్నాడు. సగం చదివి ఆపకు బాబూ.

లెక్కల_మాస్టారు
ఆవగింజ గారూ, పిల్లాడి ప్రశ్నలో లోపం లేదు, మీ మొదటి వాక్యంలోనే ఉంది. ఈ వాదన చేసిన పెద్దవాళ్ళు "ప్రతిదానికీ కారణం ఉంటుంది" అనలేదు. అల్ గజాలీ అన్నది "మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది" అని. 1111లో చనిపోయిన ముస్లిం పండితుడాయన. మనవాళ్ళు వాదన అప్పు తెచ్చుకుని ఆ "మొదలైన" అన్న మాట దారిలో పారేసుకున్నారు.

మధ్యయుగాల క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్‌ది వేరే దారి. విశ్వానికి మొదలుందని తర్కంతో నిరూపించలేమని, అది విశ్వాసంతో ఒప్పుకోవాల్సిందేనని ఆయనే రాశాడు. అయినా ఒక మూలకారణం కావాల్సిందే అన్నాడు. ఎలాగంటే, డొమినోలు పక్కన పెట్టి గొలుసు ఊహించుకోండి. గొలుసుకి దీపం వేలాడుతోంది. దీపాన్ని కింది లంకె పట్టుకుంది, దాన్ని పై లంకె, దాన్ని ఆ పైది. ఏ లంకెకీ సొంతంగా గాల్లో నిలిచే శక్తి లేదు. వందకి బదులు కోటి లంకెలు పెట్టినా, అంతే లేకుండా పెట్టినా ఆ లోటు తీరదు. పైన కొక్కెం ఉండాలి. కొక్కేన్ని ఏ లంకె పట్టుకుందని అడిగితే, అది అసలు లంకే కాదు కదా.

ఇంకోటి కూడా చూడండి. డొమినోని తోసిన వేలు తోసేసి వెళ్ళిపోవచ్చు, బిళ్ళలు వాటి పాటికవి పడుతూనే ఉంటాయి. కొక్కెం అలా కాదు, ఈ నిమిషం కూడా పట్టుకునే ఉండాలి. కొలొస్సయులకు రాసిన పత్రికలో సమస్తానికీ ఆయనే ఆధారం అన్నది ఈ అర్థంలోనే. మీ డొమినోల దేవుడు ఒకసారి తోసి చేతులు దులుపుకున్నవాడు. వాడు మనవాడు కాదు.

హేతువాది_77
నేను నమ్మేవాణ్ణి కాదు, అప్పుడప్పుడూ ఇటు తొంగిచూస్తుంటాను. ప్రతిదానికీ కారణం ఉంటే దేవుడికీ ఉండాలి కదా అని 1927లో బెర్ట్రండ్ రసెల్ అనే తత్వవేత్త ఒక ఉపన్యాసంలో అన్నాడు. ఆ వెనక బెంచీ కుర్రాడు మంచి జట్టులోనే ఉన్నాడు. మాస్టారి సవరణతో ఆ దెబ్బ తప్పుతుంది, అది ఒప్పుకుంటాను.

కానీ మాస్టారూ, మీ కొక్కెం కూడా పైకప్పుకి బిగించి ఉంటుంది. పైకప్పు గోడల మీద, గోడలు నేల మీద. ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే అంటే, విశ్వం దగ్గరే ఎందుకు ఆగకూడదు? 1948లో కాపుల్‌స్టన్ అనే జెస్యూట్ ఫాదర్‌తో రేడియో చర్చలో రసెల్ అన్నది కూడా ఇదే. విశ్వం ఉంది, అంతే.

గాడిద_పలికింది
గోడల దాకా వచ్చారు. ఇంకాసేపుంటే మేస్త్రీ ఎవరని అడుగుతారు.

లెక్కల_మాస్టారు
అదే కదయ్యా అసలు ప్రశ్న.

హేతువాది గారూ, ఉపమానాన్ని సాగదీస్తే తెగుతుంది, అది నిజమే. నేననేది ఇంతే. విశ్వంలో మనం చూసే ప్రతిదీ లేకపోయినా ఉండొచ్చు, ఇంకోలాగైనా ఉండొచ్చు. అలాంటివన్నీ పోగేసి "విశ్వం" అని ఒక పేరు పెట్టినంత మాత్రాన, ఉండి తీరాల్సినది ఒకటి దాంట్లో పుట్టుకురాదు. "అంతే" అనడం మీ హక్కు. నాకది జవాబులా వినిపించదు.

హేతువాది_77
మీరూ ఒకచోట "అంతే" అన్నారు, దానికి పెద్దక్షరాలతో పేరు పెట్టారు. సరే, ఇక్కడ మనిద్దరికీ తెగదు. ఇంకోటి. ఆ కొక్కేనికి, ప్రార్థనలు వినే యేసుకి మధ్య ఎంత దూరం ఉందో చూశారా?

లెక్కల_మాస్టారు
చాలా దూరం ఉంది. ఈ వాదన అంత దూరం తీసుకెళ్తుందని నేననను. యేసు సంగతి చరిత్రలో తేలాలి. 1 కొరింథీ 15లో, క్రీస్తు చనిపోయి మూడో రోజు లేచాడన్న మాట గురించి పౌలు, తనకి అందినదాన్నే మీకు అప్పగించానంటాడు. ఆ పత్రిక దాదాపు 55లో రాసింది, అంటే సిలువ తర్వాత ఇరవై పాతికేళ్ళలోపే. క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రోమన్ గవర్నర్ పిలాతు చేతిలో ఆయనకి మరణశిక్ష పడిందని రాశాడు.

హేతువాది_77
సిలువ దాకా నాకూ పేచీ లేదు. మూడో రోజు లేచాడన్న దగ్గరే పేచీ. లేచిన యేసు కనపడ్డాడని చెప్పే మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు సినాయిటికస్, వాటికానస్ అనే పాత చేతిరాత ప్రతుల్లో లేవని మీ బైబిళ్ళలోనే కొన్నింటి అడుగున రాసుంటుంది. చూశారా?

లెక్కల_మాస్టారు
చూశాను. పిల్లలకి కూడా చూపించాలంటాను. పౌలు మాట ఆ పన్నెండు వచనాల మీద ఆధారపడలేదు, మార్కు కంటే ముందే రాసిందది.

చుక్కల_లెక్క
ఫిజిక్స్ వాళ్ళ తరఫున ఒక మనవి. తర్వాత ఎలాగూ ఎవరో "బిగ్ బ్యాంగ్ ఆదికాండాన్ని రుజువు చేసింది" అంటారు, నేనే ముందు చెప్పేస్తాను.

విశ్వం విస్తరిస్తోందని 1927లో, ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో చెప్పిన జార్జ్ లెమైత్రె బెల్జియం క్యాథలిక్ ఫాదర్. "బిగ్ బ్యాంగ్" అనే పేరు మాత్రం ఆ సిద్ధాంతం నచ్చని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ 1949లో రేడియోలో అన్నది. 1951లో పోప్ పన్నెండో పయస్ ఒక ప్రసంగంలో ఈ సైన్సు సృష్టికి సాక్ష్యమిస్తోందన్నట్టు మాట్లాడితే అందరికంటే ఇబ్బంది పడింది లెమైత్రెనే. రేపు లెక్క మారితే దేవుడు కూడా మారాలా అన్నది ఆయన ఇబ్బంది.

మేం వెనక్కి లెక్కేసుకుంటూ పోతే ఒకచోట సమీకరణాలు పనిచెయ్యడం మానేస్తాయి. దాన్ని "శూన్యం" అని మీవాళ్ళూ అనొద్దు, "దేవుడు అక్కర్లేదు" అని వాళ్ళూ అనొద్దు. మా బండి అక్కడ ఆగిపోయింది, అంతవరకే. (ఆదివారాలు నేనూ గుడికెళ్తాను. అడగబోయేవాళ్ళ కోసం.)

నత్తనడక
కానీ విశ్వంలోని అంకెలు అంత కచ్చితంగా కుదరడం సంగతేంటి? గురుత్వాకర్షణ అటూ ఇటూ అయితే నక్షత్రాలే ఉండవంటారు కదా.

చుక్కల_లెక్క
అది నన్ను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. కానీ ఎన్నో విశ్వాలుంటే ఒకదాంట్లో కుదురుతుందని అవతలివాళ్ళు అంటారు. వాటిని ఎవరూ చూడలేదు, నిజమే. దేవుణ్ణీ టెలిస్కోప్‌లో చూడలేదుగా. నాకు అది ఆరాధనకి పనికొస్తుంది, రుజువుకి వాడను.

తోమా_రెండో
ఐన్‌స్టీన్ కథ దగ్గరికొద్దాం, నాకు అసలు మంట అక్కడ. నా ఫోన్లో "తాతల ఫార్వర్డులు" అని ఒక ఫోల్డరుంది. అందులో ముందు వరసలో ఉన్నవి చెప్తాను.

ఐన్‌స్టీన్ కథ. పేరు తీసేస్తే మిగిలే ఆలోచన తొలినాళ్ళ క్రైస్తవ పండితుడు అగస్టీన్‌ది, చెడంటే మంచి లేని లోటు అన్నది. అసలు మనిషి పేరే చెప్పి ఉంటే ఆ అమ్మాయి ఫోన్లో అదే వచ్చేది కదా! మన దగ్గరున్న నిజాన్ని వదిలి అబద్ధం ఎందుకు అరువు తెచ్చుకున్నామో అర్థం కాదు.

నాసా కంప్యూటర్లకి కాలంలో ఒక రోజు తగ్గిందట, యెహోషువ సూర్యుణ్ణి ఆపిన రోజు, హిజ్కియా రాజు కాలంలో నీడ వెనక్కి జరిగిన పది మెట్లు కలిపితే లెక్క సరిపోయిందట. ఇదీ కట్టుకథే. తగ్గిన రోజుని కనుక్కోవాలంటే తగ్గకముందు లెక్క ఎవరి దగ్గరో ఉండాలి. అది ఎవరి దగ్గర ఉంది?

డార్విన్ చనిపోతూ పశ్చాత్తాపపడ్డాడట. ఆయన పోయింది 1882లో, ఈ కథ అచ్చులోకి వచ్చింది 1915లో. తండ్రి ఆఖరి ఘడియల్లో పక్కనే ఉన్న కూతురు హెన్రియెట్టా 1922లో అదంతా అబద్ధమని రాసింది. ఇది చెప్తే మా పెద్దాయన ఒకరు "అబద్ధమైనా ఆత్మలు రక్షించబడుతున్నాయి కదా" అన్నారు. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దనే తొమ్మిదో ఆజ్ఞని ఆయనకి గుర్తు చెయ్యాల్సొచ్చింది.

నత్తనడక
నాసా కథ అబద్ధమా??? నేను పోయిన నెలే మీటింగులో సాక్ష్యంలో చెప్పాను.

గాడిద_పలికింది
ఆ రోజుని కూడా లెక్కలోంచి తీసెయ్యండి.

హేతువాది_77
న్యాయంగా మా వైపు చెత్త కూడా చెప్తాను. నైసియాలో జరిగిన చర్చి పెద్దల సభలో ఓట్లేసి బైబిల్ పుస్తకాలు ఎంచారని మా గ్రూపుల్లో నెలకోసారి తిరుగుతుంది. 325లో అక్కడ తేల్చింది ఏరియస్ గొడవ, అంటే కుమారుడు తండ్రితో సమానమా కాదా అని. పుస్తకాల జాబితా కాదు. మధ్యయుగాల్లో చర్చి భూమి బల్లపరుపుగా ఉందనేదని కూడా తిరుగుతుంది. మాస్టారు చెప్పిన అక్వినాస్ తన పెద్ద గ్రంథం మొదట్లోనే భూమి గుండ్రమన్న సంగతి ఉదాహరణగా వాడాడు, అందరికీ తెలిసిన విషయమన్నట్టు. ఇవి సరిదిద్దినందుకు నన్ను మా గ్రూపులో "పాస్టర్ గారు" అంటున్నారు.

పాత_బైండు
మా గుడికి రండి, నిజం పాస్టర్ని చేస్తాం.

కొత్తగా_చేరాను
త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్నదానికి, నేను నీళ్ళు, ఐసు, ఆవిరి ఉదాహరణ చెప్తాను. అది ఓకేనా?

లెక్కల_మాస్టారు
అది సబెల్లియస్ బోధ. ఒకే దేవుడు మూడు వేషాలు వేస్తాడని చెప్పినట్టవుతుంది. మూడో శతాబ్దంలోనే తోసిపుచ్చారు. గుడ్డు ఉదాహరణా వద్దు, పెంకు ఒక్కటే గుడ్డు కాదు.

కొత్తగా_చేరాను
మరి ఏది చెప్పాలి?

లెక్కల_మాస్టారు
ఉదాహరణ లేకుండా చెప్పండి. కష్టమే.

రాత్రి_డ్యూటీ
ఇదంతా రెండు రోజులుగా చదువుతున్నాను. నేను నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పనిచేస్తాను. మా దగ్గర దేవుణ్ణి ఎవరు చేశారని ఎవరూ అడగరు.

కొన్నాళ్ళ కిందట ఒక పాప పదకొండు రోజులు బతికింది. తల్లి పక్కన ఒకావిడ కూర్చుని, మనసు మంచిదే, చెయ్యి పట్టుకుని "దేవుడికి ఇంకో దేవదూత కావాల్సొచ్చింది తల్లీ" అంది. ఆ తల్లి అప్పటిదాకా ఏడుస్తోంది. ఏడుపు ఆపి చాలా మామూలుగా, "ఆయనకి వేలకి వేలున్నారు కదండీ, నాకు ఒక్కతే" అంది. పాప ఊలు టోపీ ఆమె గుప్పిట్లో ఉంది. మా బొటనవేలికి తొడిగితే సరిపోయేంత టోపీ. నేను మానిటర్ వైర్లు తీసే పనిలో ఉండి తల తిప్పలేదు.

మనుషులు చనిపోయి దేవదూతలవుతారని బైబిల్లో ఎక్కడా లేదు. ఉన్నా చెప్పే సమయం అది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే పాడైంది. చివరికి దేవుడు కోప్పడింది కేకలేసిన యోబు మీద కాదు, తన తరఫున వాదించిన వాళ్ళ మీద.

నాకు వాదనలు రావు. డ్యూటీ దిగాక బస్సులో 88వ కీర్తన చదువుకుంటాను. చీకటితోనే ఆగిపోతుంది అది, చివర్న ఓదార్పు కూడా లేదు. అలాంటిది కూడా బైబిల్లో ఉంచారు కదా అని నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

హేతువాది_77
అక్కా, మీతో వాదించడానికి కాదు. కానీ ఆ వార్డు ఉన్నంతకాలం నాలాంటివాడు ఇటు రాలేడు.

మిగతావాళ్ళకి ఒక మాట. మంచి దేవుడు, చెడు ఈ రెండూ తర్కంలోనే పొసగవని 1955లో జె.ఎల్. మాకీ అనే తత్వవేత్త రాశాడు. మనిషికి స్వేచ్ఛ ఇవ్వాలంటే చెడుకి వీలుండక తప్పకపోవచ్చని 1974లో ఆల్విన్ ప్లాంటింగా ఇచ్చిన జవాబుతో ఆ రూపంలో వాదన బాగా నీరుగారింది, మావాళ్ళలోనూ చాలామంది ఒప్పుకుంటారు. కానీ 1979లో విలియం రో ఇంకోలా అడిగాడు. అడవి తగలబడి ఒక జింకపిల్ల కాలిన ఒంటితో రోజుల తరబడి నొప్పితో పడి ఉండి చచ్చిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరికీ ఏ పాఠమూ అందలేదు. ఆ జింకపిల్ల నొప్పికి ఎవరి స్వేచ్ఛ కారణం?

నత్తనడక
మన పాపాల వల్లే కదా లోకంలో బాధ.

పాత_బైండు
ఆ మాట అనకు నాన్నా. నేనన్నాను ఒకసారి. చాలా ఏళ్ళ కిందట ఒక సమాధి కార్యక్రమంలో, మెరక మీద నిలబడి, ఈ కుటుంబం దేవుడు ఏం చెప్తున్నాడో ఆలోచించుకోవాలని అన్నాను. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి ఆ తర్వాత గుడికి రాలేదు. నేను వెళ్ళి అడగనూ లేదు.

లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే వాళ్ళు ఎక్కువ పాపులని అనుకుంటున్నారా, కాదు అని ప్రభువు అంటాడు. ఆ భాగం మీద కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను. ఆ రోజు గుర్తు రాలేదు.

లెక్కల_మాస్టారు
రో ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. దేవుడి కారణాలన్నీ మనకి కనపడాలని లేదు అని ఒక జవాబుంది, గట్టిదే. కానీ అది ఎక్కువ వాడితే మనకే ఎదురు తిరుగుతుంది. ఆయన కారణాలు మనకి తెలియవంటే, ఆయన మంచివాడని మాత్రం ఎలా తెలిసింది అంటారు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ రోజు, జనం గుళ్ళలో ఉండగా లిస్బన్ భూకంపం వచ్చింది. స్వేచ్ఛ వాదన అక్కడ చాలదు.

నన్ను నిలబెట్టేది వాదన కాదు, సిలువ. నన్నెందుకు విడిచిపెట్టావని అడిగినవాడే దేవుడని మనం చెప్తున్నాం కదా. హేతువాది గారు అది జవాబు కాదంటారు.

హేతువాది_77
అనను. జవాబు కాదు కానీ, అది విన్నప్పుడు నోరు మూసుకుంటాను.

కొత్తగా_చేరాను
ప్రార్థనకి జవాబులొస్తాయని సైన్సే రుజువు చేసిందని విన్నాను?

రాత్రి_డ్యూటీ
తిరగబడింది అది. గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ప్రార్థన చేయించినా చేయించకపోయినా దాదాపు ఒకటే ఫలితం, 52, 51 శాతం మందికి కాంప్లికేషన్లు. తమ కోసం ప్రార్థన జరుగుతోందని తెలిసినవాళ్ళలో 59 శాతం. పరిస్థితి అంత విషమంగా ఉందా అని టెన్షన్ పడ్డారేమో. నేను మాత్రం రోజూ చేస్తాను. పోల్చి చూడ్డానికి కంట్రోల్ గ్రూపు పెట్టి చెయ్యను.

హేతువాది_77
దేవుడి ఆజ్ఞ పేరుతో ఇశ్రాయేలీయులు చేసిన కనానీయుల ఊచకోత సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

లెక్కల_మాస్టారు
యెహోషువ 10లో ఊపిరున్నదేదీ మిగల్లేదని ఉంటుంది, న్యాయాధిపతులు మొదటి అధ్యాయంలో వాళ్ళింకా అక్కడే కాపురం ఉంటారు. ఆ కాలం యుద్ధ భాషే అంత. మోయాబు రాజు మేషా తన శాసనంలో ఇశ్రాయేలు శాశ్వతంగా నశించిందని చెక్కించుకున్నాడు, అదేమీ నశించలేదు. దీంతో మొత్తం తీరిపోదు, తెలుసు. దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇది ఆవగింజ గారిది.

ఆవగింజ
వారం రోజులు మీరంతా రాసింది చదివి ఇవాళ క్లాసుకెళ్ళాను.

బోర్డు మీద "ప్రతిదానికీ కారణం ఉంటుంది" అని రాసి, పిల్లల ముందే కొట్టేశాను. పోయిన వారం నేను చెప్పింది తప్పు, అడక్కూడదనడం ఇంకా తప్పు అన్నాను. కింద "మొదలైన ప్రతిదానికీ" అని రాశాను. వెనక బెంచీవాడు వెంటనే, "విశ్వం మొదలైందని గ్యారంటీగా తెలుసా సార్?" చుక్కల_లెక్క గారి బండి ఆగిపోయిన సంగతి చెప్పాను. గొలుసు బొమ్మ గీశాను. కొక్కెం పైకప్పుకి ఉంటుందిగా అని వాడూ అన్నాడు! హేతువాది గారూ, మీ చుట్టమేమో.

ఐన్‌స్టీన్ కథ అబద్ధమని ఒప్పుకున్నాను. ఫోన్లో వెతికిన అమ్మాయి "మా నాన్నకి కూడా చెప్పండి సార్, అది పంపిందే ఆయన" అంది.

అందరూ వెళ్ళాక వాడు డొమినోలు డబ్బాలో సర్దిపెడుతూ అడిగాడు. "మీరు ఈ గొలుసు వాదన చూసే నమ్మారా?" కాదన్నాను. "మరి?" అన్నాడు.

తోమా_రెండో
ఏం చెప్పారు?

ఆవగింజ
వచ్చే ఆదివారం చెప్తానన్నాను. మధ్యలో ఆరు రోజులుంది.

గాడిద_పలికింది
ఆరు రోజుల్లో సృష్టే అయిపోయింది, మీకు ఒక్క జవాబు రాదా?

హేతువాది_77
బాబ్బాబు, ఆ ఆరు రోజుల గొడవ ఇప్పుడు మొదలెట్టకండి.